ఆదివారం ముక్కుపని

కోయంబత్తూరు,
11 జూన్ 2023

అత్తకు,

నీ ముత్తులక్ష్మి ఇక్కడ బాగానే ఉంది. హాస్టల్ ఇడ్లీ రాయిలాగా, సాంబారు నీళ్ళలాగా ఉంటాయి. రెండూ కలిపితే సరిపోతుంది. ఫోన్ చేస్తే నువ్వు "ఏమి? ఏమి?" అని రెండుసార్లు అరిచి పక్కింటి పొన్ను చేతిలో పెట్టేస్తావు. పదమూడేళ్ళ పిల్లకు చెప్పినదంతా నీకు చెప్పినట్టు ఎలా అవుతుంది? అందుకే కాగితం. మన లైను ఇళ్ళన్నిటిలో తెలుగు అక్షరాలు వచ్చినవాళ్ళం మనిద్దరమే. దొంగచాటుగా చదివేవాళ్ళు కూడా లేరు.

మా బ్యూటీ పార్లర్ తుడియలూరులో, పంపుల వర్క్‌షాపులు వరసగా ఉన్న రోడ్డులో ఒక మేడ మీద ఉంది. కింద లేత్ మిషన్ల చప్పుడు, పైన ఏసీ. ఆరు నెలల కోర్సు. ఓనరు నాచ్చియార్ మేడమ్‌ది మిల్లుల కుటుంబం. వాళ్ళ ఇంట్లో కూడా తెలుగే. మొదటి రోజు నా మాట విని, "ఏమే, మనవాళ్ళ పిల్లవా?" అని అడిగింది. అవునో కాదో చెప్పకుండా నవ్వాను. ఇంట్లో ఎవరున్నారంటే అత్త ఉంది, కార్పొరేషన్‌లో పని అన్నాను. అబద్ధం కాదు కదా.

ఈ వారం పాఠం ఏమిటో తెలుసా? మన ఆదివారం ముక్కుపని! ఇక్కడ బ్లాక్‌హెడ్స్ అంటారు. అత్తా, అది మురికి కాదట. చర్మంలో సన్న రంధ్రాలుంటాయి. వాటిలో నూనె, రాలిపోయిన చర్మం కలిసి బిరడాలాగా పడుతుంది. పైన మూత లేదు కాబట్టి గాలి తగిలి నల్లబడుతుంది. అంతే. ఎంత రుద్దినా పోదు. రుద్దితే ఇంకా ఎక్కువవుతుంది. మనం చేసినవన్నీ తప్పే. గంజి ఆవిరి అంతసేపు పట్టకూడదు. హెయిర్‌పిన్నుతో తీయకూడదు. తీశాక కొబ్బరినూనె రాస్తామే, అది మళ్ళీ ఆ రంధ్రాన్నే మూస్తుంది.

మేడమ్ నన్ను కుర్చీలో పడుకోబెట్టి, పెద్ద అద్దమున్న దీపం ముఖం మీదికి లాగి, అందరినీ పిలిచింది. నా ముక్కుకు ఎడమపక్క రెండు గుంటలున్నాయి కదా, వాటిని చూపించి, "చేతకాని చెయ్యి పడితే ఇట్లా అవుతుంది, చూసుకోండే" అంది. పన్నెండు మంది వంగి చూశారు. నాకు ఏడుపొచ్చింది.

అందుకని రాస్తున్నాను, ఇక ఎవరికీ చేయకు. పొన్నుకు కూడా వద్దు. కడుక్కోని చేతులు ముఖానికి తగలకూడదు. గోళ్ళలో ఏముంటుందో కంటికి కనబడదు. పొద్దున్నుంచి నువ్వు ఏమేమి పట్టుకుంటావో నీకు తెలియనిది కాదు. కోపం తెచ్చుకోవద్దు, చదువుకున్నది చెబుతున్నాను.

చక్కెర జబ్బు మాత్రలు మరచిపోకు.

నీ ముత్తు

* * *

మదురై,
25 జూన్ 2023

తంగమా, నా బంగారు ముత్తుకు వీరాయత్త రాసేది.

నీ జాబు నాలుగు సార్లు చదివినా. ఒకసారి నీ గొంతు కోసం, రెండోసారి పాఠం కోసం. తక్కినవి ఊరికే.

చిన్నప్పుడు చర్చి వాళ్ళ సాయంకాలం క్లాసుకు బన్ను ఇస్తారని పోయినా. బన్ను అరిగిపోయింది, అక్షరం నిలిచింది. తమిళం చెప్పే క్లాసులో బన్ను లేదు, అందుకే నాకు తమిళ అక్షరం రాదు. కవరు మీద అడ్రసు ఎప్పటిలాగే పొన్ను రాస్తా ఉండాది. దాని రాత కోడి కెలికినట్టు ఉంటాది, పోస్టుమాను ఎట్ల చదివినాడో నీకే తెలియాల.

అది మురికి కాదని రాసినావే, దాన్ని తలుచుకొని చీపురు పట్టుకొని నిలబడిపోయినా. సూపర్‌వైజర్ ఆండియప్ప "ఏమి వీరాయి, దేవుడు కనబడినాడా?" అన్నాడు. గాలి తగిలి నల్లబడిందంట, అంతే అన్నా. వాడికి అర్థం కాలేదు. ఇన్నేండ్లు మురికి మురికి అనుకొని తీసినాను కదా, పిలకాయల ముక్కులు ఎంత నొచ్చినాయో.

ఆదివారం పొన్ను, దాని చెల్లెలు వచ్చినారు. గంజి దించే వేళకు సరిగా వస్తారు, గడియారం ఎందుకు. నా చేతులు బాగలేవు, ఇంటికి పోండి అన్నా. పొన్ను నా ఒళ్ళో తల పెట్టి లేవనంది. చెయ్యి వెనక పెట్టుకొని మోకాలుతోనే తోసినా. ఏడ్చుకుంటా పోయింది. పెసరపిండి కలిపింది మిగిలితే గిన్నె తోముకున్నా.

నీ ముక్కు పక్క గుంటలు నేను పెట్టినవే. ఒకటి నీకు ఏడేండ్లప్పుడు, మీ అమ్మ పోయిన సంవత్సరం. కదలకుండా కూర్చోమంటే కూర్చోలేదు నువ్వు. రెండోది గుర్తు లేదు. పన్నెండు మంది చూసినారంటే కష్టంగా ఉండాది.

సాపాటు మానకు.

అత్త

* * *

కోయంబత్తూరు,
9 జూలై 2023

అత్తకు,

చేతులు బాగలేవని రాశావు. నొప్పా? చీపురు పట్టి పట్టి కీళ్ళు వాచాయేమో. ఈ పార్సెల్‌లో ఒక పూతమందు పెట్టాను, పడుకునే ముందు రాసుకో.

ఇంకొకటి కూడా పెట్టాను చూడు. ఒక పెట్టె గ్లవుసులు. మేము ఫేషియల్ చేసేటప్పుడు వేసుకునేవి, పలచగా ఉంటాయి. పొన్ను అంతగా ఏడిస్తే ఇవి వేసుకొని చేయి. చేసినా పిన్ను వద్దు. గోరువెచ్చని నీళ్ళతో కడిగి, మెత్తని గుడ్డతో అద్ది వదిలేయి. రోజుకు రెండుసార్లు ముఖం కడుక్కోమను. తల నూనె నుదుటి మీదికి కారనివ్వవద్దను. నిమ్మకాయ, టూత్‌పేస్టు అసలు పూయవద్దను.

ఒక చిన్న మాట. కవరు వెనక పొన్ను "పారిశుధ్య పనివారి లైను" అని పూర్తిగా రాస్తోంది. ఉత్తరాలు పార్లర్‌కే వస్తాయి, ముందు మేడమ్ టేబుల్ మీద పెడతారు. ఇంటి నెంబరు, వీధి పేరు చాలు, లైను పేరు వద్దని చెప్పు.

ఆడి నెలలో మన లైనువాళ్ళు పళని గుడికి వ్యాను కడుతున్నారట కదా. నువ్వు అక్కడినుంచి బస్సెక్కి ఇక్కడికి వస్తానన్నావని పొన్ను ఫోన్‌లో చెప్పింది. ఇప్పుడు వద్దు అత్తా. హాస్టల్‌లో బయటివాళ్ళను ఉండనివ్వరు. పార్లర్‌లో లీవు లేదు. కోర్సు అయ్యాక నేనే వచ్చి తీసుకొస్తాను, అప్పుడు రా.

నీ ముత్తు

* * *

మదురై,
6 ఆగస్టు 2023

ముత్తుకు,

పార్సెల్ చేరింది. మందు మోకాలుకు రాసుకుంటా ఉండా. చేతికి నొప్పి లేదు.

గ్లవుసులు చూసినా. మాకు కూడా ఇచ్చినారు ఒకసారి, నారింజ రంగువి, లావుగా. కాలువ పనికి. ముఖం తాకేదానికి కూడా కావాలని తెలియదు. నీ పెట్టె అలమారులో భద్రంగా పెట్టినా.

పొన్నుకు లైను పేరు వద్దని చెప్పినా. ఎందుకని అడిగింది. కవరులో చోటు లేదు అన్నా.

పళనికి పోలేదు. ఒళ్ళు బాగలేదు.

అక్షరాలు పెద్దగా ఉండాయని నవ్వకు.

అత్త

* * *

కోయంబత్తూరు,
17 సెప్టెంబర్ 2023

అత్తకు,

నీ ఉత్తరం మూడు రోజులు చదివాను, అంత చిన్న ఉత్తరాన్ని. అంత పెద్ద అక్షరాలతో పేజీ నింపేస్తే నాకు తెలియదనుకున్నావా, రాయడానికి మనసు రాలేదని? నేను రావద్దన్నానని కోపం. కోపముంటే తిట్టు. చిన్నప్పుడు చీపురు తిరగేసి తరిమినదానివి, ఇప్పుడేమిటి ఈ మర్యాద?

నా సంగతి చెబుతాను. పరీక్షలో మొదటి మార్కు నాదే. కానీ నా ముక్కు నిండా మళ్ళీ వచ్చాయి. ఎప్పుడూ లేనన్ని. నుదుటి మీద కూడా. పాఠంలో చెప్పినవన్నీ చేస్తున్నాను. రెండుపూటలా కడుగుతున్నాను, మేడమ్ ఇచ్చిన జెల్ రాస్తున్నాను, గిల్లడం లేదు. హాస్టల్ ఉప్పునీళ్ళ వల్లనా, నిద్ర లేకనా, కింద వర్క్‌షాపుల పొగ వల్లనా, ఎవరికీ తెలియదు. ఓపిక పట్టాలి, రెండు మూడు నెలలు పడుతుంది అంటుంది మేడమ్. "ఇట్లాంటి ముక్కు పెట్టుకొని ముందు కుర్చీ దగ్గర నిలబడితే వచ్చినవాళ్ళు వెనక్కి పోతారు" అని కూడా అంటుంది.

నిన్న అద్దం ముందు కూర్చుని లెక్కపెట్టాను. ముక్కు మీదే ఇరవై మూడు. నీ ఒళ్ళో తల పెట్టుకుంటే నువ్వు పాటలాగా లెక్కపెట్టేదానివి, గుర్తుందా? "ఇదో ఒక రాజు, ఇదో ఒక మంత్రి, ఇదో ఒక పోలీసు" అని. పోలీసు ఎప్పుడూ నొప్పి పెట్టేవాడు.

పెద్ద ఉత్తరం రాయి.

నీ ముత్తు

* * *

మదురై,
15 అక్టోబర్ 2023

ముత్తుకు,

మొదటి మార్కు అని లైనంతా చెప్పినా. ఆండియప్ప నీ కోసం మిఠాయి పంచినాడు, తానే సగం తిన్నాడు.

కోపం లేదు. దేవుడి మీద ఆన.

నీకు మళ్ళీ వచ్చినాయని చదివి, ఒకసారి ఇంటికి రా తీస్తా అని రాసినా. తరువాత కొట్టేసినా. ఈ పైన నల్లగా ఉండేది అదే.

అత్త

* * *

కోయంబత్తూరు,
19 నవంబర్ 2023

అత్తా,

ఈ ఉత్తరం మొదలుపెట్టి నాలుగు కాగితాలు చింపాను. ఇది చింపను.

నీ అక్టోబర్ ఉత్తరం కవరు మీద పొన్ను పాత అలవాటుగా లైను పేరు రాసింది. దాన్ని తిట్టకు. దాని తప్పు కాదు. మేడమ్ ఆ కవరు చాలాసేపు చూసింది. నన్ను లోపలికి పిలిచింది. అరవలేదు. తలుపు మూసి, ఎంతో నెమ్మదిగా, మన తెలుగులోనే చెప్పింది: "ఏమే ముత్తులక్ష్మి, ముందే చెప్పి ఉండొచ్చు కదే. నాకు పట్టింపు లేదు. వచ్చేవాళ్ళు పెద్దింటివాళ్ళు. రేపటినుంచి జుట్టు కడగడం, నేల తుడవడం చూసుకో. ముఖం పని వద్దు. నీ చేతులు ముఖానికి వద్దు."

నేను గంటకు పదిసార్లు సబ్బుతో కడిగే చేతులు, అత్తా. ఆ గదిలో నా చేతులకంటే శుభ్రమైనవి లేవు. ఆ మాట నోటిదాకా వచ్చింది. అప్పుడే నేను నీకు జూన్‌లో రాసిన ఉత్తరం గుర్తొచ్చింది. పొద్దున్నుంచి ఏమేమి పట్టుకుంటావో అని రాశాను నేను. నీకు.

నువ్వు ఆదివారం ముక్కుపనికి ముందు ఏమి చేసేదానివో నాకు తెలియదా? పని నుంచి వచ్చి తలకు పోసుకునేదానివి. చేతులు సీకాయతో రుద్ది, తరువాత చింతపండుతో రుద్ది, వేడి గంజిలో ముంచి, వాసన చూసుకునేదానివి. నన్ను కూడా చూడమనేదానివి. "వాసన ఉందా?" "లేదు అత్తా." అప్పుడే నా ముఖం ముట్టుకునేదానివి. అన్నం తినడానికి కూడా అంతగా కడుక్కోవు నువ్వు. పన్నెండు మంది ముందు సిగ్గుపడి అదంతా మరచిపోయాను. నీ చేతులు కడుక్కోనివని రాశాను.

"చేతులు బాగలేవు" అని నువ్వు రాస్తే నొప్పనుకొని మందు పంపాను. పైగా గ్లవుసులు. నన్ను ఏమి చేసినా తీరదు.

ఊరంతా నిన్ను దూరం పొమ్మన్నప్పుడు నువ్వు తాకగలిగిన ముఖాలు మన లైను పిల్లలవే. నేను వాటిని కూడా తీసేసుకున్నాను. పళనినుంచి రావద్దన్నది కూడా లీవు లేక కాదు. నువ్వు ఆ మెట్లెక్కి వస్తే నిన్ను ఎవరని చెప్పాలో అని భయపడ్డాను. ఇది కూడా నీకు తెలిసే ఉంటుంది.

నా చర్మం నీ వల్ల చెడలేదు. ఆ రెండు గుంటలు ఎవరికి కావాలంటే వాళ్ళకు చూపిస్తాను. పొన్నును పిలు. గంజి పెట్టు. పిన్ను మాత్రం వద్దు, పాఠంలో అది ఒక్కటీ నిజం. మిగతాదంతా నీ చేతులతోనే చేయి.

డిసెంబర్‌లో కోర్సు అయిపోతుంది. సర్టిఫికెట్ తీసుకొని వచ్చేస్తాను. నా ముక్కు మీద ఇప్పుడు ముప్పైకి పైనే ఉన్నాయి. ఒక్కటీ ముట్టుకోకుండా తెస్తున్నాను. రాజు, మంత్రి, పోలీసు, అందరూ నీకే.

క్షమించానని ఒక్క మాట రాయి. ఒక్క మాట చాలు.

నీ ముత్తు

* * *

కోయంబత్తూరు,
10 డిసెంబర్ 2023

అత్తా,

మూడు వారాలైంది. అంతగా అడిగాక కూడా ఇన్నాళ్ళు ఆగుతావనుకోలేదు. పొన్నుకు ఫోన్ చేస్తే వాళ్ళ అమ్మ ఎత్తి, "అత్త బాగుంది, జాబు చేరింది, తలగడ కింద పెట్టుకుంది" అని పెట్టేసింది. చదివి కూడా రాయడం లేదంటే నేను ఏమనుకోవాలి? క్షమించలేకపోతే అదైనా రాయి.

23 రాత్రి బస్సుకు బయలుదేరుతున్నాను.

ముత్తు

* * *

మదురై,
24 డిసెంబర్ 2023, ఆదివారం

ముత్తుకు వీరాయత్త చెప్పేది, ముత్తు రాసేది.

నవ్వొస్తా ఉండాది నాకు. జాబు నీకే, రాసేది నువ్వే. ఏమి చేసేది? నీ జాబులకు జవాబు చెప్పకుండా ఉండటం మర్యాద కాదు. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, మధ్యలో నీ చదువు కలపకు. రాస్తా ఉండావా? సరి, తట్టినావు.

మనం పొద్దున పెట్టుకున్న ఏర్పాటు ఇదే. నీ మాట నా చెవికి రాదు, నీ మొగం నా కంటికి రాదు. అవునంటే భుజం మీద ఒకసారి తట్టు, కాదంటే రెండుసార్లు.

కండ్లు ఆడిలోనే మసక పట్టినాయి. నీ పరీక్ష చెడుతుందని చెప్పలేదు, పొన్ను వాళ్ళ అమ్మను కూడా చెప్పనీలేదు. కాగితంలో గీతలు కనబడక పెద్దగా రాసినా. దీపావళి పోయినాక పూర్తిగా పోయినాయి. కంటి ఆసుపత్రిలో చక్కెర వల్ల అన్నారు, ముందే వచ్చి ఉండాల అన్నారు. ఆండియప్ప చీపురు తీసేసుకొని, "కూర్చో తల్లీ, చాలు" అన్నాడు. ఇన్నేండ్లకు వాడి నోట తల్లీ అనే మాట విన్నా. వినలేదులే, పొన్ను అరిచి చెప్పింది, అప్పటికి చెవి కొంచెం ఉండేది.

నీ పెద్ద జాబు వచ్చినప్పుడు కండ్లు లేవు. చేతితో తూకం చూసినా, ఐదు కాగితాలు ఉంటాయి. పొన్ను తిప్పి తిప్పి చూసి, ఇది తమిళం కాదు అత్తా అని ఇచ్చేసింది. లైనులో ఎవరికీ రాదు. చర్చిలో చెప్పే ఆమె పోయి చానా కాలమైంది. అందుకని తలగడ కింద పెట్టుకున్నా. అంత పొడుగు రాసినావంటే చానా కోపం వచ్చి ఉండాది అనుకున్నా. పొన్ను కవరు మీద లైను పేరు రాసిందని తరువాత చెప్పింది. దానివల్ల నీకు పనిలో ఇబ్బంది అయిందా? ఒకసారి తట్టినావు. అనుకున్నా. పొరపాటు అయింది, తంగమా.

నువ్వు వచ్చినప్పటినుంచి నా అరచేతిలో ఏదో రాస్తా ఉండావు. ఈ చేతికి తెలియదు. పోయిన చలికాలం నుంచే వేళ్ళు మొద్దుబారినాయి. వీపు మీద రాసినావు. "అత్తా" అని తెలిసింది. తరువాతి మాట గీతల మీద గీతలు పడి తెలియలేదు. నాలుగు సార్లు రాసినావు. చాలులే, అత్తా అని తెలిసింది కదా.

ఒకటి మాత్రం అడగాలని ఆరు నెలలుగా ఉండాది. నీ మొగం చెడింది నా చేతివల్లనేనా?

రెండుసార్లు తట్టినావు. మళ్ళీ రెండుసార్లు. మెల్లగా, భుజం నొస్తుంది. నా మనసు నొప్పించకూడదని తడతా ఉండావు, నాకు తెలియదా నిన్ను? కండ్లు ఉన్నప్పుడు చదివినా కదా, కాగితం మీద నువ్వే రాసినావు. చదువుకున్నదే రాసినావు. తప్పు లేదు.

పొన్ను గంజి దించింది, ఆవిరి మొగానికి తెలుస్తా ఉండాది. ఆదివారం కదా. నువ్వు నా చెయ్యి పట్టుకొని నీ ముక్కు మీదికి లాగినావు. నేను వెనక్కి లాక్కున్నా. లేచి గోడ పట్టుకొని పోయి, సోపుతో మూడు సార్లు కడుక్కున్నా. నువ్వు వెంటపడి చెయ్యి లాగినావు, వదలలేదు. అలమారులో నీ గ్లవుసులు ఉన్నాయి, తీసిమ్మన్నా. నువ్వు తీసివ్వలేదు. అందుకే ఇంకొకసారి కడుక్కున్నా.

తరువాత నీ మొగం తడిమినా. ఎడమపక్క, కుడిపక్క, నుదురు. మెల్లగా, పైపైన. ఒక్కటి కూడా తగల్లేదు. రాజు లేడు, మంత్రి లేడు, పోలీసు కూడా లేడు. అద్దం లాగ ఉండాది. నా మణికట్టు మాత్రం తడి అయింది. నేను చెయ్యి సరిగా తుడుచుకోలేదేమో.

అన్నీ పోయినాయి కదా?

ఒకసారి తట్టినావు.

సంతోషం. నా చెయ్యి పడకపోతే బాగవుతుందని చదువు చెప్పింది, అట్లే బాగయింది. ఇంక భయం లేకుండా ముందు కుర్చీ దగ్గర నిలబడు.

దీన్ని మడిచి కవరులో పెట్టు. చేతికిస్తే జాబు కాదు, నువ్వు హాస్టల్‌కు పోయినాక చేరేటట్టు పోస్టులో వెయ్యి. వెనకపక్క లైను పేరు రాయవద్దు.

అత్త